తలుపు అడుగున

రాజోలు దగ్గర, వశిష్ఠ గట్టు పక్కన ఊరు మాది. పాతకాలం మండువా లోగిలి. మండువాలోకి తెరుచుకునే నాలుగు టేకు తలుపులదీ ఒకటే జబ్బు: మోకాలి ఎత్తు వరకు రంగు నిలవదు. ఇంట్లో ఎవరిని అడిగినా ఒకటే జవాబు, "86 వరద." 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఇంట్లో నీళ్లు సరిగ్గా ఆ ఎత్తున నిలిచాయట. కాబట్టి నేరం గోదావరిది, మాకేం సంబంధం లేదు.

నిరుడు దసరా ముందు నేనే బ్రష్షు పట్టాను. గరుకు కాగితంతో పైపైన రుద్ది, రెండు పూతలు ఎనామిల్ వేశాను. పండగకి అద్దంలా మెరిశాయి. సంక్రాంతికి చుట్టాలు దిగేసరికి కింది భాగమంతా బొబ్బలు. ఒకదాన్ని సూదితో పొడిస్తే టీ రంగు నీటిబొట్టు జారింది. ఎప్పటి వరద, ఎప్పటి నీళ్లు!

గుట్టు విప్పింది వడ్రంగి మేస్త్రి. మడతబందుల మరలకు కిరసనాయిలు రాసి, రాత్రంతా నాననిచ్చి, తెల్లారి తలుపు ఊడదీసి తలకిందులుగా నిలబెట్టాడు.

"అడుగున ఎప్పుడైనా రంగు వేశారా బాబూ?"

వేలు పెట్టి చూశాను. పచ్చి చెక్క. నల్లగా, తడిసిన అట్టలా మెత్తగా ఉంది. టేకు నారలు నిలువుగా ఉంటాయి కనుక, కోసిన అంచు నీటిని దీపపు వత్తి నూనెను లాగినట్టు పైకి లాగుతుంది. మండువాలో పడ్డ వాన చిమ్మడం కొంత. రోజూ పొద్దున్నే మా అమ్మ బిందెలతో నీళ్లు కొట్టి కడగడం చాలా. ఎక్కిన తడి బయటికి పోకుండా నా ఎనామిల్ మూత వేసింది.

ఫాల్గుణంలో మళ్లీ మొదలు. తలుపులను వారం రోజులు నీడలోనే ఆరబెట్టాం. ఎండలో పెడితే పలకలు వంగుతాయి. పాత రంగు గీకుతుంటే నీలం, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద ఇటుకరంగు బయటపడ్డాయి. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. ఈ పొరలు అంతకు ఎంతో ముందువి. అందుకే సీసం దుమ్ము లేవకూడదని, పొడిగా రుద్దకుండా, చెక్కను తడిగుడ్డతో తుడుస్తూ నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) వాడాను, పిల్లలను అటు రానివ్వలేదు. దేవుడి గది తలుపు మాత్రం ఏడిపించింది. ఏళ్ల తరబడి అంటిన దీపం నూనె, పసుపు. చాకలి సోడా నీళ్లతో మూడుసార్లు కడిగితే గానీ జిడ్డు వదలలేదు.

ముందు అడుగు అంచుకే పని. టర్పెంటైన్‌తో పలుచన చేసిన ప్రైమరు మూడుసార్లు పట్టించాను. మొదటిసారి వేసినదంతా కళ్లముందే తాగేసింది. తర్వాత మిగతా తలుపుకి ప్రైమరు, పగుళ్లలో లప్పం, సన్న కాగితంతో రుద్దడం, రోజు విడిచి రోజు రెండు పూతలు. ఇందులో చెప్పుకోవడానికేమీ లేదు.

వానాకాలం గడిచిపోయింది. ఒక్క బొబ్బ లేదు. అమ్మ బిందెలు ఆపనూ లేదు. వచ్చినవాళ్లకి తలుపు నిమిరి చూపిస్తూ అంటుంది: "86 వరదకి పోయిన తలుపులండీ, మావాడు బాగుచేశాడు."