నేను వినకూడని కవిత

“అమ్మా, నువ్వు మాత్రం లోపలికి రావద్దు” అన్నాడు మా అబ్బాయి. కోపంగా అని ఉంటే సర్దుకునేదాన్నేమో. బతిమాలుతున్నట్టు అన్నాడు.

నెలకోసారి గ్రంథాలయంలో జరిగే ఓపెన్ మైక్ గురించి ఆ మాట. ఎవరైనా పేరిచ్చి, తాము రాసింది నలుగురి ముందు చదవగలిగే సభ అది. వాడూ, వాడి ఈడు పిల్లలు మరికొందరూ జట్టుగా చేరి కవితలు రాసుకుంటున్నారు, ఒకరివి ఒకరు దిద్దుకుంటున్నారు, ఆ సాయంత్రం కలిసి వెళ్ళి చదువుతున్నారు. కారులో దింపేది నేనే, మళ్ళీ ఇంటికి తీసుకువచ్చేదీ నేనే. టికెట్టు లేదు, దారిన పోయేవారెవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ఆ తలుపు ఒక్క నాకే మూసి ఉంది.

మొదట్లో నేను దీన్ని పోటీ అనుకున్నాను. “ఎవరికి వచ్చింది బహుమతి?” అని అడిగేదాన్ని. మనం పిల్లల్ని వేదిక ఎక్కించేది ఎక్కువగా పద్యాల పోటీలకే. వేమన పద్యాలు, సుమతీ శతకం కంఠతా పట్టించి, ఒత్తులు సరిదిద్ది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా నేర్పి పంపుతాం. నేనూ వాణ్ణి అలాగే పంపాను. కొన్నేళ్ళు చక్కగా చెప్పాడు, ఆ తరువాత ఇక చెప్పనన్నాడు. “అవి నా మాటలు కావు కదమ్మా” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఒప్పుకోలేను. కంఠస్థం చేసిన పద్యం ఎప్పుడో ఒకనాడు, ఎవరూ తోడు లేని పూట, మన సొంత మాటై నిలబడుతుందని నా నమ్మకం. వాడికి ఆ పూట ఇంకా రాలేదు. రాకూడదనే కోరుకుంటాను, అది వేరే సంగతి.

ఓపెన్ మైక్‌లో బహుమతి ఉండదని, న్యాయనిర్ణేతలు ఉండరని వాడే ఓపికగా వివరించాడు. తలుపు దగ్గర ఒక కాగితం ఉంటుంది, చదవదలచినవారు అందులో పేరు రాస్తారు. నిర్వాహకుడు వరుసగా పిలుస్తాడు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఇదే మొదటిసారి అని ఎవరైనా చెబితే వాళ్ళు నోరు విప్పకముందే గది అంతా చప్పట్లు కొడుతుంది. చదువుతున్నప్పుడు ఏదైనా పంక్తి మనసుకు తగిలితే, కవికి అడ్డు రాకుండా వేళ్ళతో చిటికెలు వేస్తారు. గొంతు పూడుకుపోయి మధ్యలో ఆగితే, మళ్ళీ అందుకునేదాకా అందరూ ఆగుతారు. తప్పు చదివాడని ముందు వరుసలోంచి అందించే తల్లి ఉండదు. ఆ తల్లిని నేనే కాబట్టి అది నాకు బాగా అర్థమైంది.

మార్కులు వేసే పద్ధతి వేరే ఉంది. దాన్ని స్లామ్ అంటారు. 1980ల నడుమ షికాగోలో మార్క్ స్మిత్ అనే కవి మొదలుపెట్టాడు. ఆయన భవన నిర్మాణ పనులు చేసేవాడు. 1986 నుంచి గ్రీన్ మిల్ అనే క్లబ్బు దానికి స్థిరమైన చోటు అయింది. న్యాయనిర్ణేతలు పండితులు కానక్కరలేదు, ప్రేక్షకుల్లోంచే ఐదుగురిని ఎంచుకుంటారు. వారిచ్చిన మార్కుల్లో అన్నిటికన్నా ఎక్కువా, అన్నిటికన్నా తక్కువా తీసేసి మిగిలిన మూడూ కూడతారు. మరీ ప్రేమించినవారి తీర్పూ, మరీ నచ్చనివారి తీర్పూ లెక్కలోకి రావు. ఎంత ఆలోచించి పెట్టిన నియమమో అనిపించింది. “మరి నువ్వు స్లామ్‌కు వెళ్ళవా?” అంటే, “గెలవాలని రాస్తే బాధను పెంచి చెప్పాలనిపిస్తుందమ్మా” అన్నాడు. ఈ వయసుకు వాడికి అంత తెలిసినందుకు గర్వపడ్డాను. అంతలోనే, పెంచి చెప్పవలసినంత బాధ వీడికి ఏముందని భయపడ్డాను.

ఏముందో మరో తల్లి చెప్పింది. ఆవిడ కూతురూ ఈ జట్టులోనే ఉంది. ఆవిడ మన భాష మనిషి కాదు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, “మీ అమ్మగారి గురించి మీ అబ్బాయి చదివిన కవిత విని ఏడ్చేశాను” అంది.

మా అమ్మ పోయినప్పుడు నేను వెళ్ళలేకపోయాను. ఫోను తెర మీదే చివరి చూపు. పిల్లలకు వినబడకూడదని స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. వినబడిందట. తలుపుకు ఇవతల వాడు నిలబడి ఉన్నాడట, నీళ్ళు ఆగేదాకా కదలలేదట. నేను ముఖం తుడుచుకుని బయటికి వచ్చి అన్నం తిన్నావా అని అడిగితే తిన్నానన్నాడట. తినలేదట. కవిత అంతా ఇదే. ఆవిడ చెబుతూ ఉంటే నిలబడి విన్నాను. ధన్యవాదాలు చెప్పినట్టు గుర్తు.

ఇంటిగుట్టు లంకకు చేటు అని వింటూ పెరిగినదాన్ని. ఇంట్లో జరిగింది గడప దాటకూడదు. ఎవరి ఇంట్లో కష్టం లేదు, అది బజారున పెట్టుకుంటారా అనేది మా పెద్దల మాట. నా మొదటి కోపం అక్కడి నుంచే వచ్చింది. రెండోది ఇంకా లోతుగా గుచ్చుకుంది. ఇన్నేళ్ళలో వాడు నాతో ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు. ముక్కూ ముఖం తెలియనివారితో ముందు చెప్పాడు. పక్కగదిలో ఉన్న నాకు చెప్పలేనిది వాళ్ళకెలా చెప్పగలిగాడు? మా వారిని అడిగితే, “నువ్వు మాత్రం వాడికి చెప్పావా? కుళాయి తిప్పావు” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

కవిత్వం మన రక్తంలోనే ఉందని వాడికి ఎన్నోసార్లు చెప్పాను. అవధానం గురించి చెప్పాను. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవారు, చుట్టూ కూర్చుని ఒకరు పూరించమని ఒక పద్యపాదాన్ని సమస్యగా ఇస్తే, ఒకరు పద్యంలో ఇమడ్చమని కొన్ని పదాలు, అదే దత్తపది, ఇస్తే, మరొకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడుతుంటే, అప్రస్తుత ప్రసంగం చేసేవారు ధ్యాస చెదరగొడుతుంటే, కవి అక్కడికక్కడే పద్యం అల్లి, అన్నిటినీ గుర్తుంచుకుని చివర్లో వరుసగా అప్పజెబుతాడు, దాన్నే ధారణ అంటారు. తిరుపతి వేంకట కవులు ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగి చేసింది అదే. మీ ఓపెన్ మైక్ మాకు కొత్తదేమీ కాదన్నాను. వాడు శ్రద్ధగా విని, “అవధాని భయపడుతున్నానని చెప్పవచ్చా?” అని అడిగాడు. కాగితం పట్టుకున్న చేయి వణుకుతుంటే వణుకుతోందని చెప్పి చదివే వేదిక వాడిది. ధారణతో, ధైర్యంతో సభను గెలిచే వేదిక నేను చూపించింది. రెండూ ఒకటేనని నేను అన్నంత సులువు కాదు.

అయితే మన దగ్గర లోపలి గాయాన్ని నడివీధిలో చెప్పినవారు లేరా? కాలేజీ రోజుల్లో, తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవుల పేర్లు నాకు కంఠతా వచ్చు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. ఆరుగురూ కన్నవారు పెట్టిన పేర్లు వదిలేశారు. 1965లో తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. అది చదివి నిద్రపట్టని రాత్రులు నాకు గుర్తున్నాయి. పేరు మార్చుకున్న రోజు ఆ తల్లులు ఏమనుకున్నారో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మా అబ్బాయి ఓపెన్ మైక్ తలుపు దగ్గరి కాగితంలో మా నాన్నగారి పేరు రాయడు, వాడికి మేము పెట్టిన పేరు అదే. ఏదో ఒక అక్షరం రాస్తాడు. అది తెలిసిన రాత్రి కూడా నాకు నిద్రపట్టలేదు, కానీ ఆ పాత కారణంతో కాదు. తల్లి గురించి రాసిన కవిత ఏది చదివినా కళ్ళు తడిసేవి. ఆ తల్లిని అడిగి రాశాడా అని ఎప్పుడైనా అనుకున్నానా? కవులంటే నాకు ప్రాణం. ఇన్నాళ్ళూ వాళ్ళు ఇంకొకరి పిల్లలు.

తోటి తల్లిదండ్రులకు చెప్పదలచినవి కొన్ని ఉన్నాయి. పిల్లలు చదువుతామంటే వెళ్ళనివ్వండి. ముందు మాకు వినిపించమని పట్టుబట్టకండి. ఫోనులో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అడగకుండా చిత్రీకరించవద్దని చాలాచోట్ల నిర్వాహకులే ముందు చెబుతారు. ఏ భాషలో రాశారని లెక్కలు తీయకండి. ఈ చివరిది రాయడం తేలికే, చేయడం నావల్ల కావడం లేదు. మా అమ్మ గురించి, మా అమ్మకు ఒక్క ముక్క తెలియని భాషలో రాశాడన్న బాధ నాలో ఉంది. వాడి బాధ వాడికి వచ్చిన భాషలోనే కదా వస్తుంది అని సమాధానం చెప్పుకుంటాను, అది ఒక పూట నిలుస్తుంది.

ఒక నియమం మాత్రం పెట్టాలనుకున్నాను. ఇంటివాళ్ళ గురించి రాస్తే, బయట చదివేముందు వాళ్ళను అడగాలి. చెప్పాను. వాడు తల ఊపాడు. కాసేపటికి, “అమ్మమ్మను ఎలా అడగను?” అన్నాడు. ఎదురు చెప్పడానికి అన్నది కాదు, నిజంగానే అడిగాడు. మా అమ్మ ఉండి ఉంటే ఏమనేదో నాకు తెలియాలి కదా. గుట్టుగా బతికిన మనిషి, చదవవద్దనేదేమో. మనవడు తన పేరు తలిస్తే చాలని మురిసిపోయేదేమో. ఏది అన్నా నమ్మగలను.

వచ్చే నెల చదవబోయే కవిత ఇంటి గురించి కాదట, దానికి రమ్మన్నాడు. వెళ్తాను, చివరి వరుసలో కూర్చుంటాను. కానీ నేను వినాలనుకుంటున్నది అది కాదు. ఆ కుళాయి కవిత నా ముందు ఒక్కసారి చదవమని అడగాలని ఉంది. అడిగితే వాడు కాదనడు. కాదనలేడని తెలిసే అడగలేకపోతున్నాను.