బాపట్ల బోర్డు మీది దీర్ఘం

ఇక్కడ ఇంగ్లండ్‌లో బడికి సెలవులిచ్చేది జూలై మూడో వారం దాటాకే. మళ్లీ తెరిచేది సెప్టెంబరు మొదట్లో. మధ్యలో ఉన్నవి ఆరు వారాలే. ఆ ఆరు వారాల్లో పిల్లల చదివే అలవాటు ఎంత తేలిగ్గా జారిపోతుందో మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

తప్పు పిల్లలది కాదు. ఏడాదంతా బడి సంచిలో ఒక చిన్న పుస్తకం, దానితోపాటు రీడింగ్ రికార్డ్ అనే నోటుబుక్కు వస్తాయి. రాత్రి పిల్లలు కాసేపు పైకి చదవాలి, మేం విని సంతకం పెట్టాలి. చదవడం వచ్చేకొద్దీ పుస్తకం మీది రంగు మారుతుంది. సెలవులిచ్చిన రోజుతో ఆ సంచీ ఆగిపోతుంది, సంతకమూ ఆగిపోతుంది. పైగా జూలైలో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురే. పిల్లలు పార్కు వదిలి రారు. వచ్చేసరికి అన్నం తిని పడిపోయేంత అలసట. రెండేళ్ల కిందట, జూలైలో గడగడా చదివేసిన పుస్తకాన్నే సెప్టెంబరులో మా ఆరేళ్ల చిన్నోడు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పట్నుంచి సెలవులు మొదలవగానే మా మొదటి పని మిల్టన్ కీన్స్ లైబ్రరీకి వెళ్లడం. ఇక్కడి లైబ్రరీల్లో సమ్మర్ రీడింగ్ ఛాలెంజ్ అని ఒకటుంది. 1999లో మొదలైంది, ది రీడింగ్ ఏజెన్సీ అనే సంస్థ నడుపుతోంది. ముఖ్యంగా 4 నుంచి 11 ఏళ్ల పిల్లల కోసం. సెలవుల్లో 6 పుస్తకాలు చదవాలి, రూపాయి ఖర్చు లేదు. చదివినకొద్దీ స్టిక్కర్లు ఇస్తారు, అన్నీ పూర్తయితే సర్టిఫికెట్. 2025లో స్టోరీ గార్డెన్ పేరుతో నడిచింది.

ఇందులో నాకు బాగా నచ్చింది స్టిక్కర్లు కాదు. ఏ పుస్తకం చదవాలో పిల్లలే ఎంచుకోవడం. బొమ్మల కథలైనా, జోకుల పుస్తకమైనా, చివరికి ఆడియో పుస్తకమైనా లెక్కలోకే వస్తుంది. చిన్నోడు మూడుసార్లు ఫుట్‌బాల్ పుస్తకాలే తెచ్చుకున్నాడు. ఇంకాస్త కష్టమైనది తీసుకోరా అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. వాడు కౌంటర్ దగ్గర లైబ్రరీ ఆవిడకు ఆ పుస్తకం గురించి పావుగంటసేపు చెప్పాడు. రీడింగ్ రికార్డ్‌లో నేను పెట్టిన ఏ సంతకానికీ వాడి మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఇంగ్లీషుకు దారి దొరికింది. తెలుగు దగ్గరే ఎంతకాలమైనా ముడి విడలేదు.

మా పెద్దదానికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఇంగ్లీషులో మూడొందల పేజీల నవల రెండు రోజుల్లో ముగిస్తుంది. తెలుగు బాగానే మాట్లాడుతుంది. చదవడానికి మాత్రం దాని స్థాయికి దొరికేవి కాకి, కుండ, నీళ్లు. "ఇవి పాపాయిల పుస్తకాలమ్మా" అని పక్కన పెట్టేసేది. దాని బుర్రకు తొమ్మిదేళ్లు, తెలుగు అక్షరం దగ్గర దాని వయసు నాలుగేళ్లు. ఆ మధ్యలో ఉన్న ఐదేళ్లూ దానికి అవమానంగా ఉండేవని నాకు ఆలస్యంగా అర్థమైంది. నేనేమో రోజూ గుణింతాలు రాయించి సెలవులను ట్యూషన్‌గా మార్చేశాను.

పోయిన ఆగస్టులో చీరాల వెళ్లాం. మన దగ్గర బడులు జూన్ 12నే తెరిచేస్తారు కదా, వీళ్ల సెలవులూ అక్కడి పిల్లల సెలవులూ ఎప్పుడూ కలవవు. విజయవాడలో రైలెక్కాక పెద్దది కిటికీ పక్కన కూర్చుంది. తెనాలి, నిడుబ్రోలు. బోర్డు వచ్చినప్పుడల్లా ముందు ఇంగ్లీషు చదివి, తర్వాత తెలుగుతో సరిచూసుకుంటోంది. బాపట్లలో బండి ఆగింది. బోర్డు సరిగ్గా మా కిటికీ ఎదురుగా. కాసేపు చూసి, "అమ్మా, ఇంగ్లీషులో మూడు A లూ ఒకేలా ఉన్నాయి. తెలుగులో మొదటిదానికే దీర్ఘం ఉంది. అంటే ఎలా అనాలో తెలుగు బోర్డే చెబుతోంది" అంది. "ట" కింద "ల" ఒత్తును కిటికీ అద్దం మీద వేలితో గీసి చూపించింది. చీరాల వచ్చేసరికి దానికి తెలిసిపోయింది, ఇన్నాళ్లూ తను తాతయ్య ఊరి పేరును సగం పొట్టి చేసి పలుకుతోందని. ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ రెండు దీర్ఘాలూ కనబడవు మరి.

ఎన్ని కాపీ పుస్తకాలు రాయించినా రానిది ఆ రెండు గంటల ప్రయాణంలో వచ్చింది. అది పెద్దవాళ్లు చదివే బోర్డు, పాపాయిలది కాదు. నా ఉద్దేశంలో అసలు సంగతి అదే.

పగలంతా బాబాయి పిల్లలు బడిలో ఉండేవాళ్లు. ఇది తాతయ్య పక్కన అరుగు మీద కూర్చుని పేపర్లో హెడ్డింగులు చదివేది. "అమ్మలూ, అర్థం తర్వాత చూద్దాం, ముందు ధైర్యంగా చదివెయ్" అనేవారు మా నాన్న. ఓ రోజు పక్కనే ఉన్న వేటపాలెం తీసుకెళ్లి 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం చూపించారు. తాతయ్య పుట్టకముందటి పేపర్లు కూడా అక్కడ ఉంటాయని చెబితే దాని కళ్లు పెద్దవయ్యాయి.

తిరిగొచ్చాక గుణింతాల నోటుబుక్కు అటకెక్కించాను. ఇప్పుడు దాని వయసుకు తగిన తెలుగు కథను నేను చదువుతాను, పాత్రల మాటలు మాత్రం అది చదువుతుంది. చిన్నవి కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి. అవి తనకు కాదు, తమ్ముడికి చదివి వినిపిస్తుంది. అప్పుడు అవి పాపాయిల పుస్తకాలు కావు దానికి.

ఇక్కడి వేసవిలో ఆదివారం మాకు ఉదయం పదయితే అక్కడ మధ్యాహ్నం రెండున్నర. మా నాన్న భోజనం చేసి, పేపరు మడత విప్పి ఫోన్‌కు ఎదురుగా పట్టుకుంటారు. మొన్న కృష్ణకు వరద వచ్చిందన్న వార్త. "ప్ర...కా...శం బ్యా...రే...జీ" అని చదివి ఆగి, "తాతయ్యా, ఇది మనం రైల్లోంచి చూసిందేనా?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పేలోపే కింది లైను మొదలుపెట్టేసింది.