బూరెగాడి మూడు మెట్లు

మా వాడి పేరు బూరె. లాబ్రడార్ జాతి కుక్క. నలభై ఐదు రోజుల పిల్లగా అట్టపెట్టెలో ఇంటికొచ్చినప్పుడు, అప్పుడే నూనెలోంచి తీసిన పూర్ణం బూరె రంగులో ఉన్నాడని మా అమ్మ పెట్టిన పేరు అది. ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. నాలుగేళ్లుగా వాడి వెనక కాళ్లని బట్టే మా ఇల్లు నడుస్తోంది.

ఎప్పుడు మొదలైందంటే తేదీ చెప్పలేను గానీ, ఒక వీడియో ఉంది. కృష్ణ కరకట్ట మీద పొద్దున్నే గొలుసు విప్పితే, వెనక కాళ్లు రెండూ జత చేసి కుందేలులా గెంతుకుంటూ నా వైపు వస్తున్నాడు. వెనకాల నా నవ్వు వినిపిస్తుంటుంది. వాట్సాప్ స్టేటస్‌లో పెడితే అందరూ ఎంత ముద్దొస్తున్నాడో అన్నారు. ఏడాది తర్వాత అదే వీడియో డాక్టరుగారికి చూపించాను. ఆవిడ రెండుసార్లు వెనక్కి తిప్పి చూసి, "ఒంటికాలి మీద బరువు మోపితే నొప్పండీ. అందుకే రెండూ కలిపి వేస్తున్నాడు" అన్నారు. ఆ వీడియో ఇంకా ఫోన్‌లోనే ఉంది. సౌండ్ పెట్టి మాత్రం చూడను.

కుక్కకి నొప్పి వస్తే అరుస్తుందని, కుంటుతుందని అనుకునేవాణ్ణి. వీడు ఆ రెండూ చెయ్యలేదు. కారు ఎక్కడం మానేశాడు. అప్పుడు మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కింద మెట్ల దగ్గరికొచ్చి కూర్చుండిపోయేవాడు. రాత్రిళ్లు ఫ్యాను కింద కూడా రొప్పుతూ మూడు చోట్లు మారేవాడు. తుంటి దగ్గర నాకి నాకి ఆ వెంట్రుకలు ఇటుక రంగుకి తిరిగాయి. ఒకసారి పక్కింటి పిల్లాడు నడుము మీద చెయ్యి వేస్తే గుర్రుమన్నాడు, అంతవరకూ చంటిపిల్లలు చెవులు పట్టి లాగినా కిక్కురుమనని వాడు. వీటన్నిటికీ కలిపి నేను పెట్టిన పేరు బద్ధకం. తిని ఒళ్లు బలిసిందిరా నీకు అని తిడుతూ, మెట్ల మీద గొలుసు పట్టుకుని లాగేవాణ్ణి. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావట్లేదు.

సంక్రాంతి ముందు ఒక రాత్రి లేవబోయి లేవలేకపోయాడు. నున్నటి టైల్స్ మీద వెనక కాళ్లు చెరోవైపు జారిపోయి, కప్పలా పరుచుకుపోయి, నా వంక చూశాడు. ఆదివారం, క్లినిక్కులన్నీ మూసి ఉన్నాయి. మందుల షాపులో కుర్రాడు మనుషులకిచ్చే డైక్లోఫెనాక్ నొప్పి బిళ్లలు ఇచ్చి "సగం వెయ్యండి సార్, ఏం కాదు" అన్నాడు. రెండు రోజులు వేశాను. మూడో రోజు వాంతులు, తారులాంటి నల్లటి విరేచనం. కడుపులో పుండ్లు పడి రక్తం కారుతోందట. నాలుగు రోజులు సెలైన్ల మీద ఉన్నాడు. బతికాడు.

డాక్టరుగారు తిట్టలేదు. మీ చిన్నప్పుడు ఊరి బయట రాబందులుండేవా అని అడిగారు. పశువులకి ఈ మందే వేసేవాళ్లట. ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడైపోయి చచ్చిపోతుంటే, 2006లో పశువైద్యంలో దీన్ని నిషేధించారట. దాని బదులు రాబందులకి హాని చెయ్యదని తేలిన మెలాక్సికామ్ వాడకంలోకి వచ్చింది. బూరెకి కడుపు కుదుటపడ్డాక రాసిందీ అదే. ఐబుప్రోఫెన్ కూడా కుక్కలకి ప్రమాదమే, మనం జ్వరానికి మింగే పారాసెటమాల్ అయితే పిల్లుల ప్రాణమే తీస్తుంది అని కూడా చెప్పారు. ఇంట్లో బిళ్ల ఉంది కదా అని వెయ్యబోయే వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ డబ్బా మూసెయ్యండి.

ఎక్స్‌రేకి గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాం. మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు చాపి తీశారు. తొడ ఎముక తల గుండ్రటి బంతిలా ఉండి, తుంటి ఎముకలోని గిన్నెలో కుదురుగా కూర్చోవాలి. మా వాడికి ఆ గిన్నె మూకుడులా లోతు లేకుండా ఉంది. బంతి సగం బయటే. ఏళ్ల తరబడి ఒరుసుకుని అంచులన్నీ గరుకుదేరాయి. హిప్ డిస్‌ప్లాసియా, దాని మీద ఆర్థరైటిస్. వంశపారంపర్యంగా వచ్చేది, లాబ్రడార్లలో, జర్మన్ షెపర్డ్‌లలో బాగా కనిపించేదీనట. పిల్లని కొన్న రోజు నేను రంగు చూశాను, తల ఎంత పెద్దదో చూశాను. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు తీయించారా అని అడగొచ్చనే తెలియదు.

కీలు మార్చే ఆపరేషన్ ఉంది గానీ మాకు అందే దూరంలో లేదు, అందే ఖర్చూ కాదు. "పూర్తిగా తగ్గదు. తగ్గించుకుంటూ పోవడమే. ముందు బరువు సంగతి చూడండి" అన్నారు డాక్టరుగారు.

అప్పుడు వాడు 41 కిలోలు. ఇక్కడ మొదలైంది అసలు యుద్ధం, మా అమ్మతో. నెయ్యన్నం, పెరుగన్నం, మేం తినేటప్పుడు పూరీ ముక్క, ఆదివారం మూలుగుబొక్క. కొలిచి పెడతానంటే "నోరులేని జీవిరా, కడుపు మాడుస్తావా" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా పెంచి, జతలో ఒకదానికి పాతిక శాతం తక్కువ తిండి పెట్టి, బతికినన్నాళ్లూ గమనించారు. 2002లో అచ్చయిన ఆ ఫలితాల్లో తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. ఇదంతా అమ్మకి తెలుగులో చదివి వినిపించాను. అంతా విని, "అమెరికా కుక్కలు వేరు" అంది. ఆవిణ్ణి మార్చింది మాత్రం ఎక్స్‌రే ఫిల్ము. కిటికీకి అడ్డంగా పట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడ మోకాళ్ల ఎక్స్‌రే కూడా మా బీరువాలోనే ఉంది. మర్నాటి నుంచి నెయ్యి గిన్నె పైఅరలోకి వెళ్లింది. కీరా ముక్కలు, ఉడికించిన సొరకాయ, లెక్కగా కోడి మాంసం. తొమ్మిది నెలల్లో 33 కిలోలకి వచ్చాడు. మందులన్నీ ఒక ఎత్తు, ఆ ఎనిమిది కిలోలు ఒక ఎత్తు.

ఇంట్లో టైల్స్ మీద వాడు తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లు పరిచాం. మంచం దగ్గర్నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్ణుంచి గుమ్మం దాకా, చిన్న రోడ్డులా. గోళ్లు, అరికాళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరిస్తే జారడం సగం తగ్గింది. పొద్దున్నే బిగుసుకుపోయి లేస్తాడు కాబట్టి, వేడినీళ్ల బ్యాగు తువ్వాల్లో చుట్టి పది నిమిషాలు కాపడం. రెండో అంతస్తు నుంచి పొట్ట కింద దుప్పటి వేసి మోసుకుని దించడం మూడు నెలలు చేశాక నా నడుం కూడా పట్టేసింది. కింద పోర్షన్ కోసం తిరిగాం. "కుక్కుందా? అయితే కుదరదండీ" అని పదకొండు ఇళ్లవాళ్లు. పన్నెండో ఇంటాయనకి దయ కలిగింది. వీధి గుమ్మానికి మూడే మెట్లు.

మందు తిండి తిన్నాకే. కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష, లివరూ కిడ్నీలూ ఎలా ఉన్నాయో చూడ్డానికి. రాత్రి నొప్పి ఆగకపోతే గబాపెంటిన్ కలిపారు. మొదటి వారం తాగినవాడిలా తూలాడు, మాకు భలే టెన్షన్. తర్వాత సర్దుకున్నాడు. ఎన్నో రాత్రుల తర్వాత తెల్లార్లూ పడుకున్నాడు, నేనూ పడుకున్నాను. నెలకి రెండుసార్లు ఉయ్యూరులో మా బావమరిది చెరుకు తోటకి తీసుకెళ్తాం. అక్కడ బోరు నీళ్ల తొట్టిలో, లైఫ్ జాకెట్ వేసి దింపుతాం. నీళ్లలో ఒంటి బరువు కాళ్ల మీద పడదు. అక్కడ వాడు రెండు కాళ్లూ విడివిడిగా ఆడిస్తాడు.

అన్ని రోజులూ ఒకలా ఉండవు. ముసురు పట్టిన వారం వాడు కదలడు, నేను అందరి మీదా అరుస్తాను. ఒక రాత్రి వాడి మీదే అరిచాను. తోక రెండుసార్లు నేలకేసి కొట్టాడు. "ఒక ఇంజెక్షన్ ఇప్పించెయ్యక ఎందుకీ బాధ" అని చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు అన్నారు. అలాంటి రోజు రాదని నేను అనను. డాక్టరుగారిని అడిగితే, నొప్పి గుర్తులు రాసిపెట్టండి, నెలలో మంచి రోజుల కంటే చెడ్డ రోజులు ఎక్కువైతే అప్పుడు మాట్లాడుకుందాం అన్నారు.

ఆ లెక్క మా ఆవిడ వంటింట్లో తిథుల క్యాలెండర్ మీద రాస్తుంది. మంచి రోజుకి నీలం సున్నా, చెడ్డ రోజుకి ఎరుపు. దుర్ముహూర్తాలకీ వర్జ్యాలకీ పక్కన బూరెగాడి సున్నాలు. ఇది నాలుగో క్యాలెండర్. మొదటిదాంట్లో ఎరుపే ఎక్కువ. పోయిన నెలలో నాలుగున్నాయి.

ఈ పొద్దున వాకింగ్ నుంచి తిరిగొచ్చాం. మొదటి మెట్టు ఎక్కాడు, రెండోది ఎక్కాడు, మూడోదాని మీద ఆగిపోయాడు. నేను లోపలికొచ్చి ఎరుపు పెన్ను తీశాను.

"ఏమండీ, ఆగింది నొప్పికి కాదు. గోడ మీద పిల్లి ఉంది" అంది మా ఆవిడ.

వెళ్లి చూశాను. నిజంగానే ఉంది. నీలం పెట్టాను.