ఫోన్ నంబర్లు పోతే పోనీ గానీ...

టెక్నాలజీ వల్ల బుర్ర మొద్దుబారిపోతోంది అనగానే అందరూ ముందు ఎత్తేది ఫోన్ నంబర్ల సంగతే. ఒకప్పుడు అందరి నంబర్లూ నోటికొచ్చేవి, ఇప్పుడు ఒక్కటీ గుర్తుండట్లేదు అని. నాకైతే అందులో అంత బాధపడాల్సింది ఏమీ కనిపించదు, అంకెలు మోసినంత మాత్రాన ఎవరికీ తెలివి పెరగలేదు. (ఫోన్ పోయిన రోజున ఎవరికి చేయాలో తెలీక పడే టెన్షన్ వేరే సంగతి.)

నాకు దిగులల్లా దారుల గురించే. లండన్‌లో బ్లాక్ క్యాబ్ నడపాలంటే ఊరి నడిబొడ్డునున్న చారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల లోపున్న సుమారు 25,000 వీధులు తెలిసుండాలి, అదీ వరసగా అప్పజెప్పడం కాదు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి అడిగినా దారి కళ్లముందు కనపడాలి. అది నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. అలా నేర్చుకుంటున్నవాళ్లకు మొదట్లో, ఏళ్ల తర్వాత మళ్లీ మెదడు స్కాన్ చేసి ఎలినార్ మెగ్వైర్, మరో పరిశోధకురాలు 2011లో ఫలితం ప్రకటించారు. పరీక్ష పాసైనవాళ్లకు మెదడులో దారుల్నీ జ్ఞాపకాల్నీ చూసుకునే హిప్పోక్యాంపస్ అనే చోట వెనక భాగం పెరిగింది, పాసవని వాళ్లకు పెరగలేదు.

మరి మనమో? ఫోన్‌లో మ్యాప్ ఎడమకు తిరగమంటే ఎడమకు తిరుగుతాం, అంతే. పైగా మనం ఎటు తిరిగితే మ్యాపూ అటే తిరిగి మన ముందున్న దారిని ఎప్పుడూ పైకే చూపిస్తుంది కాబట్టి ఉత్తరం ఎటో, ఇందాక దాటిన వంతెన ఇప్పుడు ఏ పక్కనుందో ఆలోచించే పనే పడదు. యాప్ తప్పు దారి పట్టించినా అది తప్పని మనకు అనిపించదు, అనిపించాలంటే కావాల్సిన నేర్పునే కదా దానికి అప్పగించేసింది!

ఇది దారులతో ఆగేదీ కాదు. పోలండ్‌లో కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష, చేసే అనుభవమున్న డాక్టర్ల మీద 2025లో ఒక అధ్యయనం వచ్చింది. ఏఐ రాకముందు వాళ్లు 28.4 శాతం పరీక్షల్లో అడినోమాలు, అంటే ముందుముందు క్యాన్సర్‌గా మారగల గడ్డలు, పట్టుకునేవాళ్లు. ఏఐకి అలవాటు పడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో ఆ సంఖ్య 22.4కి పడిపోయింది. కారణం ఏఐయేనని దీంతోనే తేల్చేయలేం, కానీ చదివాక నాకు మాత్రం మనసు కుదుటపడలేదు.

నేను మ్యాప్ సెట్టింగ్స్‌లో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండేలా పెట్టేసుకున్నాను. దక్షిణంగా వెళ్లేటప్పుడు కుడి ఎడమలు తిరగబడతాయి, మొదట్లో చిరాకే, పక్క సీట్లో కూర్చున్నవాళ్లకైతే ఇప్పటికీ చిరాకే.