రొయ్యల మేతలో లార్వా పొడి: లైసెన్సు కోసం నేను పడ్డ పాట్లు

కాగితం మొత్తానికి చేతికొచ్చింది. కోపం చల్లారేలోపే రాసేస్తున్నా.

మాది భీమవరం దగ్గర, వనామీ రొయ్యల సాగు. పెట్టుబడిలో సగం మేతకే పోతుంది. మేతలో కలిపే చేపపొడి రేటు పెరిగిందంటూ బస్తా ధర పెంచుతారు, అది తగ్గినప్పుడు మాత్రం ఎవరూ నోరెత్తరు. అందుకే బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వా (పిల్లపురుగు) పొడి కలిపి మేత తయారుచేద్దామని దిగాను.

పెంపకం తేలికే. తవుడు, మార్కెట్లో మిగిలిన కూరగాయలు వేస్తే రెండు మూడు వారాల్లో చేతికొస్తాయి. హోటల్ ఎంగిలి మాత్రం వేయకండి, యూరప్‌లో అది నిషేధం. ఎండబెట్టాక నూనె తీయించాలి, ఎండు లార్వాలో మూడో వంతు దాకా కొవ్వే ఉంటుంది. అది ఉంటే గుళిక గట్టిగా రాదు. రొయ్య చేపలా మింగేయదు, కాళ్లతో పట్టుకుని కొరుక్కుంటూ తింటుంది. గుళిక నీళ్లలో రెండు గంటలైనా విడిపోకుండా ఉండాలి.

ఇక మత్స్యశాఖ ఆఫీసు. మేత చేసి అమ్మాలంటే మన రాష్ట్ర చేపల మేత చట్టం (2020) ప్రకారం లైసెన్సు కావాలి. దరఖాస్తులో ముడిసరుకుల దగ్గర "కీటకాల పొడి" అని రాశాను. అక్కడి పెద్దాయన నేను తెచ్చిన పొడి సీసా మూత తీసి వాసన చూసి, "ఏమయ్యా, పురుగుపట్టిన తవుడు తెచ్చి మేతంటావా?" అన్నాడు. హాలంతా నవ్వు. అంతటితో ఊరుకోకుండా అటెండర్ని పిలిచి సీసా అందరికీ చూపించమన్నాడు. ముప్పై ఏళ్లుగా చెరువులు చేస్తున్నవాణ్ణి, తలెత్తలేకపోయాను. యూరప్‌లో 2017 నుంచే చేపలు, రొయ్యల మేతలో కీటకాల ప్రోటీన్‌కు అనుమతి ఉందని ప్రింటు తీసి ఇస్తే, "దీని మీద మన స్టాంపు ఏదీ?" అని పక్కన పడేశాడు.

ఈగలు కాబట్టి పశువుల ఆఫీసుకు పొమ్మన్నారు. రొయ్యల మేత తమది కాదని వాళ్లు తిప్పి పంపారు. చెత్త మీద పెంచుతున్నావు కాబట్టి మున్సిపాలిటీ లెటర్ తెమ్మన్నాడు ఇంకొకాయన. మాది పంచాయతీ అండీ అంటే, "అయితే మరీ కష్టం" అన్నాడు! ఆ పెద్దాయన బదిలీ అయ్యాక వచ్చిన అమ్మాయి అవే కాగితాలు కూర్చుని చదివి సంతకం పెట్టింది.

ల్యాబ్ రిపోర్టు చూసి మురిసిపోకండి. నత్రజని కొలిచి 6.25తో గుణించి ప్రోటీన్ అంటారు. లార్వా చర్మంలోని కైటిన్ అనే గట్టి పదార్థం ప్రోటీన్ కాకపోయినా దానిలోనూ నత్రజని ఉంటుంది, కాబట్టి అంకె ఎక్కువ చూపిస్తుంది. అమైనో ఆమ్లాల పరీక్ష, ముఖ్యంగా మెథియోనిన్ ఎంతుందో అడిగి చేయించుకోండి. డబ్బు దండగ అని చెప్పే డీలర్ల మాట వినకండి, వాళ్లకు కావాల్సింది బస్తాలు కదలడమే.

చేపపొడి మొత్తం తీసేయలేదు, అందులో పావు వంతు బదులు మాత్రమే లార్వా పొడి కలిపాను. నా సొంత చెరువు ఒకదానిలో వేసి చూస్తే చెక్ ట్రేలు (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దించే పళ్లేలు) ఎప్పటిలాగే ఖాళీ అవుతున్నాయి. పక్క చెరువు రైతు రోజూ గట్టు మీదికొచ్చి ట్రే ఎత్తించి మరీ చూసి వెళ్తున్నాడు, బస్తా ఎంతకిస్తావని మాత్రం ఇంకా అడగలేదు.