మూడు బొమ్మ ఇంజన్లతో ప్రొద్దుటూరుకు

అనంతపురంలో బస్సెక్కి తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు చేరాను. సంచిలో మరమ్మతు చేయాల్సిన పాత ఇంగ్లీషు బొమ్మ రైలింజన్లు మూడు (రెండు ట్రయాంగ్, ఒక హార్న్‌బీ డబ్లో), సన్నటి కొలతలు తీసే డిజిటల్ వెర్నియర్, గళ్లున్న మాత్రల డబ్బా ఉన్నాయి. బొమ్మ రైళ్ల సామాను అమ్మే అంగడి కోసం పోలేదు. ప్రొద్దుటూరు బంగారు పని ఊరు. సన్నపని చేసే చేతులు, వాటికి కావాల్సిన పనిముట్లు అక్కడ దొరుకుతాయి.

బయల్దేరే ముందే చాసిస్ పోతను, అంటే ఇంజన్ అడుగున ఉండే పోత లోహపు చట్రాన్ని, ఎండలో తిప్పి చూసుకోవాలి. పోసిన జింకు మిశ్రమంలో సీసం కలిస్తే ఏళ్లు గడిచేకొద్దీ లోపల్లోపలే పగుళ్లు బారి, పోత ఉబ్బుతుంది. డబ్లో రైళ్లు 1938లో మొదలయ్యాయి, ఆ తొలినాటి పోతల్లో ఈ జబ్బు తరచూ కనిపిస్తుంది. వెంట్రుకవాసి గీతలు కనిపిస్తే స్క్రూ వెతకడం దండగ, బిగించగానే విరుగుతుంది.

మొదట హార్డ్‌వేర్ అంగడికి పోయాను. నమూనా చూపగానే అచ్చం అలాంటిదే ఎం2.5 (2.5 మి.మీ. మెట్రిక్) స్క్రూ చేతిలో పెట్టారు. అసలు ముప్పు ఇక్కడే. పాత ఇంగ్లీషు ఇంజన్లలో ఎక్కువగా ఉండేది బి.ఎ. (బ్రిటిష్ అసోసియేషన్) కొలత మర. 8 బి.ఎ. అయితే వ్యాసం 2.2 మి.మీ., పిచ్ (ఒక మర చుట్టు నుంచి పక్క చుట్టుకు దూరం) 0.43 మి.మీ., మర కోణం 47.5 డిగ్రీలు. ఎం2.5కు పిచ్ 0.45, కోణం 60. కంటికి తేడా తెలియదు. బలవంతంగా తిప్పితే ఒకటి రెండు చుట్లు పోయి పట్టేస్తుంది, ఇంకా తిప్పితే మెత్తటి పోతలోని మర చెరిగిపోతుంది. ఎం2 పెడితేనేమో వదులై ఊడిపోతుంది. అందుకే వెర్నియర్‌తో పది పిచ్‌ల దూరం కొలవాలి: 4.3 మి.మీ. వస్తే 8 బి.ఎ., 4.5 వస్తే వద్దు.

మోటారు వైండింగ్ అంగట్లో పని త్వరగా అయింది. ట్రయాంగ్ ఎక్స్.04 మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే రెండు బ్రష్‌లనూ నొక్కేది ఒకే స్ప్రింగు. దాని ఒక కొమ్మకు ఇన్సులేషన్ గొట్టం ఉండాలి. అది రాలిపోతే కరెంటు స్ప్రింగు గుండా షార్ట్ అవుతుంది. చాలామంది మోటారు కాలిందనుకొని పారేస్తారు. వైండింగ్‌లో వాడే సన్నటి వార్నిష్ స్లీవు చిన్న ముక్క చాలు. మేస్త్రీ అలవాటుగా అయస్కాంతం విప్పబోతే ఆపాను: “అన్నా, అది మాత్రం తీయొద్దు.” ఇనుప ముక్క అడ్డం పెట్టకుండా తీస్తే దాని బలం తగ్గుతుంది, ఇంజన్ నీరసంగా నడుస్తుంది. మిక్సీ బ్రష్ అరగదీసి ఇస్తానన్నాడు కానీ వద్దన్నాను. 230 వోల్టులకు చేసిన బ్రష్‌లో నిరోధం ఎక్కువ, 12 వోల్టుల మోటారుకు ఆ నష్టం బరువే.

ఎక్కువసేపు గడిపింది కంసాలి దగ్గర. బాయిలర్ పక్కన పోయే చేతికమ్మీ తీగ 0.7 మి.మీ. కావాలి. “ఇత్తడేనా సామీ?” అని అడిగి, తీగను కాల్చి మెత్తబరిచి, కమ్మచ్చులో (తీగ లాగే బెజ్జాల పలకలో) ఒకదానికంటే ఒకటి చిన్నవైన నాలుగు బెజ్జాల గుండా లాగాడు. లాగేకొద్దీ తీగ మళ్లీ గట్టిపడి తిన్నగా వస్తుంది, చేతికమ్మీకి అదే కావాలి. చుట్ట విప్పిన తీగలో ఆ నిటారు ఎంత సరిచేసినా రాదు. దిద్దుల శీలకు మర కోసే పలక కూడా చూపించాడు. దానిమీద వరస అంకెలే తప్ప పిచ్ లేదు. శీల, బోల్టు రెండూ కొత్తగా చేసుకునే చోట ఆ పలక బంగారమే. పాత పోతలోని మరకు మాత్రం పనికిరాదు.

చక్రాల రబ్బరుకు ఓ-రింగ్ చూశాను. గుండ్రంగా, మందంగా ఉంది. ఆ చక్రం పైకి లేస్తే పక్క చక్రాలు పట్టాకు ఆనవు, కరెంటు అందదు. కొనలేదు.

తిరుగు బస్సులో డబ్బా గళ్లు సర్దుకున్నాను. స్లీవు, తీగ దొరికాయి. 8 బి.ఎ. స్క్రూలు 4, బ్రష్‌లు ఒక జత బయటినుంచి తెప్పించాలి. చీటీలో స్క్రూ తల ఆకారం, తల కింది నుంచి పొడవు రాసుకున్నాను.