ఇరవై అక్షరాల ఊపిరి

నేను తెలుగు పంతులమ్మను. తొమ్మిది, పది తరగతులకు పద్యాలు చెబుతాను. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. పాదమంతా ఒక్క గుక్కలో చదవడం ఇన్నేళ్లుగా నాకు అలవాటు. ఒక శ్రావణ మాసంలో యతిస్థానం దాటకుండానే ఊపిరి తెగిపోవడం మొదలైంది.

అంతకు ముందే కుడి పక్కటెముకల కింద పోటు ఉండేది. గ్యాస్ అనుకున్నాను. మొదట చూసిన డాక్టరూ అదే అన్నారు. సాయంత్రాలు సన్నగా జ్వరం, నెలలో నాలుగు కిలోలు తగ్గిపోయాను. చివరికి ఎక్స్‌రే తీస్తే కుడివైపు కింది భాగమంతా తెల్లగా కనిపించింది. ఊపిరితిత్తి చుట్టూ ఉండే రెండు పొరల నడుమ నీరు చేరింది. వీపులోంచి సూదితో తీస్తే లేత పసుపు రంగులో ముప్పావు లీటరు దాకా వచ్చింది. పరీక్షల్లో క్షయ అని తేలింది.

ఆరు నెలల మందులు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు కలిసిన మాత్రలు, తర్వాతి నాలుగు నెలలు మూడు రకాలవి. నా బరువు 46 కిలోలు కాబట్టి రోజుకు మూడు మాత్రలు. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, భయపడవద్దని ముందే చెప్పారు. ఒక్క రోజు కూడా మానలేదు. నా జబ్బు నయం చేసింది ఆ మాత్రలే. ఇకపై చెప్పబోయేది ఆసనం గురించి. అది చదివి ఎవరైనా మందులు ఆపేస్తారేమోనని నా భయం, అందుకే ఈ మాట ముందుగా చెబుతున్నాను.

మార్చిలో మందులు ముగిశాయి. ఎక్స్‌రేలో నీరు లేదు. ఊపిరి మాత్రం ఇంకా యతి దగ్గరే ఆగేది. పొర కాస్త మందమైందని, అంతకన్నా నేను నిండుగా గాలి పీల్చడమే మరచిపోయానని డాక్టరుగారు అన్నారు. నిజమే. నొప్పికి వెరచి అన్ని నెలలూ కుడి పక్కకు ఒరిగి, భుజాలు ముడుచుకుని కూర్చున్నాను. పక్కటెముకల మధ్య కండరాలు బిగుసుకుపోయాయి. మెడ కండరాలతో పైపైన గాలి లాగుతున్నాను. మనసూ అలాగే ముడుచుకుంది. పొరకే పరిమితమైన క్షయ సాధారణంగా ఇతరులకు అంటదని తెలిసినా, ఉపాధ్యాయుల గదిలో నా మంచినీళ్ల సీసా విడిగా పెట్టుకునేదాన్ని. ఎవరూ అడగలేదు, నేనే.

డాక్టరుగారి అనుమతితో మా వీధిలో యోగా నేర్పే ఆవిడ దగ్గరకు వెళ్లాను. మొదట ఆసనమేదీ వేయించలేదు. దుప్పటి చుట్టి వీపు కింద, రెక్కల ఎముకల నడుమ పెట్టి, చేతులు రెండు పక్కలకూ చాపి పడుకోమన్నారు. చేతులు చాపగానే బెదురు పుట్టింది. కుడి చేయి దానంతట అదే వచ్చి పక్కటెముకల మీద వాలింది. తీసి నేల మీద పెట్టాను, మళ్లీ వచ్చింది.

"ఉండనివ్వండి టీచరుగారూ. ఇన్నాళ్లూ అక్కడ కాపలా కాసింది కదా" అన్నారావిడ.

ఆ మాటకు కన్నీళ్లు కారి చెవుల్లోకి దిగాయి. జబ్బు పేరు విన్నరోజు కూడా నేను ఏడవలేదు.

తొమ్మిదో రోజున చేయి నేల మీదే ఉండిపోయింది. ఆ తర్వాత భుజంగాసనం. బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి ఛాతీ ఎత్తడం. కొన్నాళ్లకు అరచేతుల మీద. బొడ్డు నేలను వదలకూడదు, చేతులతో నెట్టకుండా వీపు బలంతో లేవాలి. పడగ ఎంత ఎత్తు లేచిందన్నది కాదు, గాలి ఎంత లోపలికి వెళ్తోందో గమనించమనేవారు. కుడివైపు లోలోపల, అతుక్కున్న కాగితాన్ని తడిపి మెల్లగా విడదీస్తున్నట్టు ఉండేది. మూడు ఊపిరులు, దిగడం. పోటు తెలిస్తే వెంటనే దిగడం. నెల తిరిగేసరికి మెట్లెక్కి కూడా మాట్లాడగలిగాను. రాత్రి ఎటు తిరిగి పడుకోవాలన్న ఆలోచన లేకుండా నిద్ర పట్టింది. మంచినీళ్ల సీసా సంగతి ఎప్పుడు మరచిపోయానో గుర్తు లేదు.

జూన్‌లో బడి తెరిచారు. పదో తరగతిలో మొదటి పద్యం ఉత్పలమాలే. భుజాలు వెనక్కి తీసుకుని మొదలుపెట్టాను. యతి దాటింది. పదిహేడో అక్షరం దగ్గర గొంతు సన్నబడినా పాదం పూర్తయింది. రెండో పాదానికి మాత్రం మధ్యలో ఆగి, గాలి తీసుకుని చదివాను.